పుర్రెలోని ఒత్తిడి: ముందు మట్టం, తర్వాతే అంకె

"సార్, ఐసీపీ 27 చూపిస్తోంది. మన్నిటాల్ పెట్టేయమంటారా?"

న్యూరో ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. ఐసీపీ అంటే పుర్రెలోని ఒత్తిడి, మన్నిటాల్ దాన్ని దించే మందు. ఒకసారి ఇలాగే పిలిస్తే వెళ్లాను. బైకు మీంచి పడి తలకి దెబ్బ తగిలిన కుర్రాడు. సాయంత్రం నుంచీ 12 దగ్గర నిలకడగా ఉన్న అంకె పది నిమిషాల్లో 27కి ఎక్కింది. టార్చి వేసి చూశాను. కనుపాపలు రెండూ సమానంగా ఉన్నాయి, వెలుగు పడగానే చటుక్కున ముడుచుకుంటున్నాయి. పల్స్ మారలేదు, బీపీ మారలేదు. మంచం వైపు చూశాక సంగతి తెలిసింది. ఎక్స్‌రే తీయడానికి వచ్చినవాళ్లు మంచాన్ని ఓ జానెడు పైకి లేపి, అలాగే వదిలేసి వెళ్లిపోయారు. గొట్టంలోని ఒత్తిడిని అంకెగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం సెలైన్ స్టాండుకి కట్టి ఉంది. తల పైకెళ్లింది, కొలిచేది కిందే ఉండిపోయింది. ఆ తేడా 20 సెంటీమీటర్లు. గొట్టంలో అంత ఎత్తు నీటి బరువు దాదాపు 15 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. లేని ఒత్తిడి మానిటర్‌లోకి ఎక్కింది. మట్టం సరిచేశాం, అంకె 12కి దిగింది. మన్నిటాల్ సీసా మళ్లీ అల్మారాలోకి వెళ్లింది.

రసమట్టం పెట్టి చూడకుండా మేస్త్రీ రెండో వరస ఇటుక పేర్చడు. మనం మాత్రం మట్టం చూడకుండానే అంకె రాసేస్తాం. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు మట్టానికే ఇచ్చాను. ఇది న్యూరో ఐసీయూలో కొత్తగా చేరిన నర్సులకి, పీజీలకి. లోపల మనిషిని పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు చదివినా కొంత అర్థమవుతుంది. తలలోకి గొట్టం దించేది న్యూరోసర్జన్. మందుల మోతాదులకి మీ యూనిట్ ప్రోటోకాలే ప్రమాణం. ఆ గొట్టం చివర కనిపించే అంకెని నమ్మొచ్చో లేదో తేల్చేది మాత్రం మంచం పక్కన నిలబడ్డ మీరే.

అసలు ఏం కొలుస్తున్నాం

స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లో, ఆయన తర్వాత జార్జ్ కెల్లీ 1824లో చెప్పిన మాట ఇప్పటికీ నిలిచే ఉంది: పుర్రె సాగని పెట్టె. అందులో సుమారు 80 శాతం మెదడు, 10 శాతం రక్తం, 10 శాతం సీఎస్ఎఫ్ అనే నీరు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి, లేదంటే ఒత్తిడి పెరగాలి.

పల్లెవెలుగు బస్సు గుర్తు తెచ్చుకోండి. సీట్లు నిండాక కూడా కండక్టర్ "సర్దుకోండి, సర్దుకోండి" అంటూ ఇంకో పదిమందిని ఎక్కిస్తాడు. ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. ఒక దశ దాటాక మాత్రం ఒక్క మనిషి ఎక్కినా ఫుట్‌బోర్డు మీద ఉన్నవాడు జారిపోతాడు. పుర్రెలోనూ అంతే. రక్తపు గడ్డ పెరుగుతుంటే మొదట సీఎస్ఎఫ్ వెన్ను వైపు జారుకుంటుంది, సిరల్లోని రక్తం బయటికి వెళ్తుంది, అంకె కదలదు. ఆ సర్దుబాటు అయిపోయాక రెండు మూడు చెంచాల వాపు చాలు, అంకె కొండెక్కుతుంది. అందుకే నిన్న 14, ఇవాళ పొద్దున 16 అన్నంత మాత్రాన ధీమాగా ఉండటానికి లేదు.

పడుకున్న పెద్దవాళ్లలో మామూలు ఒత్తిడి 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. పసిపిల్లల్లో ఇంకా తక్కువ. తలకి తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో 22 దాటితే చికిత్స చేయమని అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016 మార్గదర్శకాలు చెప్తాయి. అంతకు ముందు 20 అనేవాళ్లు, ఇప్పటికీ చాలా యూనిట్లలో గీత 20 దగ్గరే ఉంటుంది. ఇకమీద పాదరసం కొలతని ఉత్త "మి.మీ." అంటాను, నీటి కొలతని "నీటి సెం.మీ." అంటాను. ఈ రెండూ కలగలిస్తే ఏమవుతుందో కింద చెప్తాను.

ఎవరికి, ఏ పరికరం

తలకి దెబ్బ తగిలి, స్పృహని కొలిచే గ్లాస్గో కోమా స్కోరు 8 లేదా అంతకంటే తక్కువ ఉండి, సీటీలో తేడా కనిపిస్తే ఒత్తిడి కొలవడం గురించి ఆలోచిస్తారు. మెదడు చుట్టూ రక్తస్రావం జరిగి నీరు చేరినవాళ్లకి, మెదడు లోపల పెద్ద గడ్డ ఉన్నవాళ్లకి కూడా పెడతారు. పెట్టే ముందు ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ చూసుకోవాలి. రక్తం గడ్డకట్టని మనిషి మెదడులోకి గొట్టం దించితే కొత్త గడ్డని మనమే తయారుచేసినట్టు అవుతుంది.

పరికరాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఈవీడీ. మెదడులోని నీటి గదిలోకి దించే మెత్తని గొట్టం ఇది. మామూలుగా కుడివైపు పెడతారు. ముక్కు మొదలు నుంచి 10-11 సెం.మీ. వెనక్కి, నడిమధ్య గీత నుంచి సుమారు 3 సెం.మీ. పక్కకి చిన్న రంధ్రం వేసి, ఎముక నుంచి దాదాపు 6 సెం.మీ. లోతుకి దించుతారు. దీంతో కొలవొచ్చు, నీరు బయటికి తీసి ఒత్తిడి తగ్గించొచ్చు, కావాలనుకున్నప్పుడు మళ్లీ జీరో చేయొచ్చు. అందుకే దీన్నే ప్రామాణికం అంటారు. ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం కూడా దీనితోనే ఎక్కువ. నీటి గదులు వాపుతో నలిగిపోయి సన్నగా అయినప్పుడు గొట్టం అందులోకి చేరడమే కష్టం.

రెండోది మెదడు కండలోకే గుచ్చే సన్నని తీగ, దాని కొనకే సెన్సర్ ఉంటుంది. కామినో, కోడ్‌మన్ పేర్లు మీరు వినే ఉంటారు. పెట్టడం తేలిక, మట్టంతో పనిలేదు, మంచం ఎత్తినా దించినా అంకె తప్పదు. కానీ నీరు తీయలేం. ఒకసారి లోపలికి వెళ్లాక ఈ రకం తీగల్ని జీరో చేయలేం, రోజులు గడిచేకొద్దీ అంకె మెల్లగా దారి తప్పొచ్చు. ఖర్చు కూడా ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా చేతికి అందేది ఈవీడీయే కాబట్టి కింది అడుగులన్నీ దాని కోసమే.

మొదటి అడుగు: గొట్టాలు నింపడం

చేతులు కడుక్కుని, స్టెరైల్ గ్లౌజులు, మాస్కు వేసుకుని, ప్రిజర్వేటివ్ కలపని నార్మల్ సెలైన్‌తో ట్రాన్స్‌డ్యూసర్, గొట్టాలు, త్రీవేలు (దారి మళ్లించే మూడు నోళ్ల కుళాయిలు) అన్నీ నింపండి. బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. చిన్న బుడగ అలని మింగేస్తుంది, అంకె చూడటానికి బాగానే ఉంటుంది గానీ అబద్ధం చెప్తుంది. త్రీవే మూలల్లో దాక్కున్న బుడగల్ని వేలి గోటితో తట్టి పంపించండి.

ఇక్కడే ప్రాణం మీదకి తెచ్చే పొరపాటు ఒకటి ఉంది. బీపీ చూడటానికి ధమనిలో పెట్టే ఆర్టీరియల్ లైన్ సెట్ చేసీ చేసీ చేతికి అలవాటైపోయి ఉంటుంది, దానికి పెట్టినట్టే దీనికీ ప్రెషర్ బ్యాగ్ తగిలించేస్తారు. ఆర్టీరియల్ లైన్‌లో ఆ బ్యాగు గంటకి దాదాపు 3 మి.లీ. సెలైన్‌ని లోపలికి నెడుతూ ఉంటుంది. రక్తనాళానికి అది లెక్కలోకి రాదు. సాగని పెట్టెలోకి గంటకి 3 మి.లీ. నెడితే ఏమవుతుందో బస్సు కథలో చూశాం. ఈవీడీకి ప్రెషర్ బ్యాగ్ వద్దు, హెపారిన్ వద్దు, ఫ్లష్ వద్దు. గొట్టం మీద రెండు చోట్ల "ఈవీడీ, మందులు ఎక్కించరాదు" అని లేబుల్ అంటించండి. పొరపాటున దీన్ని ఐవీ లైన్ అనుకుని యాంటీబయాటిక్ ఎక్కించడానికి చేయి వెళ్లే రాత్రులు ఉంటాయి.

రెండో అడుగు: మట్టం

పుర్రె లోపల నీటి గదుల్ని కలిపే మన్రో రంధ్రం ఉన్న ఎత్తుని సున్నాగా తీసుకుంటాం. పైనుంచి అది కనపడదు కాబట్టి వెల్లకిలా పడుకున్న మనిషికి చెవి రంధ్రాన్నే గుర్తుగా పెట్టుకుంటాం. చెవి రంధ్రం ముందు చిన్న తలుపులా పొడుచుకొచ్చిన మెత్తటి బొడిపె ఉంటుందే, ట్రేగస్, అదే మన గురి. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెడితే గురి మారిపోతుంది, అప్పుడు రెండు కనుబొమల నడుమ, ముక్కు మొదలు చూడాలి.

ట్రాన్స్‌డ్యూసర్‌లో గాలికి తెరుచుకునే త్రీవే నోరు ఆ గురికి సమానమైన ఎత్తులో ఉండాలి. కంటి అంచనా పనికిరాదు. పొడుగ్గా ఉన్నవాళ్లకి ఒకలా, పొట్టిగా ఉన్నవాళ్లకి ఒకలా కనిపిస్తుంది. లేజర్ లెవెల్ ఉంటే మంచిదే. లేకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే చిన్న రసమట్టం చాలు. తుడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ఒక చివర ట్రేగస్ దగ్గర, ఇంకో చివర త్రీవే దగ్గర ఉండేలా స్కేలు పట్టుకుని, దాని మీద రసమట్టం పెట్టి, బుడగ రెండు గీతల మధ్యకి వచ్చేదాకా స్టాండుని పైకీ కిందకీ జరపండి. మొత్తం అర నిమిషం పని.

తప్పితే ఎంత తప్పుతుందో లెక్క కట్టి పెట్టుకోండి. ఒక మి.మీ. పాదరసం 1.36 నీటి సెం.మీ.కి సమానం. అంటే ట్రాన్స్‌డ్యూసర్ 1 సెం.మీ. కిందకి జారితే అంకె 0.74 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. పైకి వెళ్తే అంత తక్కువ చూపిస్తుంది. 10 సెం.మీ. తేడా వస్తే 7 మి.మీ.కి పైనే. ఎక్కువ చూపిస్తే అక్కర్లేని మన్నిటాల్ పడుతుంది, పోనీ అనుకోవచ్చు. తక్కువ చూపించడమే నాకు భయం. తల దించి, ట్రాన్స్‌డ్యూసర్‌ని పైనే వదిలేస్తే, అసలు ఒత్తిడి 26 ఉన్న మనిషికి మానిటర్ 17 చూపిస్తుంది. అలారం మోగదు, ఎవరూ ఫోన్ చేయరు.

ఎప్పుడెప్పుడు సరిచూడాలి? డ్యూటీ తీసుకోగానే. అంకె రాసే ప్రతిసారీ. మంచం కదిలినా, తల వైపు ఎత్తు మారినా, మనిషిని తిప్పినా. ఫిజియోథెరపీ వాళ్లు, ఎక్స్‌రే వాళ్లు, దుప్పటి మార్చేవాళ్లు వచ్చి వెళ్లిన ప్రతిసారీ.

మూడో అడుగు: జీరో

మట్టం వేరు, జీరో వేరు. మట్టం అంటే ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ ఉండాలో. జీరో అంటే గాలి ఒత్తిడిని సున్నాగా లెక్కపెట్టుకోమని దానికి చెప్పడం. మట్టం సరిచేశాక రోగి వైపు త్రీవే మూసి, గాలి వైపు తెరిచి, మానిటర్ మీద జీరో నొక్కండి. గీత చదునుగా అయి 0 వచ్చాక కొత్త స్టెరైల్ మూత పెట్టి మళ్లీ రోగి వైపు తెరవండి. విప్పిన మూతని మంచం మీద పడేసి, తీసి మళ్లీ అదే పెట్టేవాళ్లని చూశాను. మెదడు నీటికి నేరుగా దారి ఉన్న చోటు అది. జీరో చేసేటప్పుడు రోగి వైపు మూయడం మర్చిపోతే నీరు గాలిలోకి కారిపోతుంది, గాలి లోపలికి వెళ్తుంది.

కండలోకి గుచ్చే తీగ అయితే లోపలికి పంపే ముందే జీరో చేసి, అప్పుడు వచ్చిన రిఫరెన్స్ అంకెని కేస్ షీట్‌లో రాసి పెట్టండి. మానిటర్ మార్చాల్సి వచ్చినప్పుడు దాని కోసమే వెతుక్కుంటారు.

నాలుగో అడుగు: చదవడం

నీరు బయటికి పోతున్నప్పుడు చదివిన అంకె అంకె కాదు. తలుపు తెరిచిన గదిలో ఏసీ ఎంత చల్లబరుస్తోందో చూసినట్టు ఉంటుంది. డ్రెయిన్ వైపు త్రీవే మూసి, రోగికీ ట్రాన్స్‌డ్యూసర్‌కీ మధ్య దారి మాత్రమే ఉంచి, కొన్ని నిమిషాలు ఆగి, అల నిలకడగా వచ్చాక సగటు అంకె రాయండి. దగ్గుతున్నప్పుడు, సక్షన్ చేస్తున్నప్పుడు, ఇంజెక్షన్ నొప్పికి ముడుచుకున్నప్పుడు 30 దాటడం వింతేమీ కాదు, ఒకటి రెండు నిమిషాల్లో దిగిపోవాలి. దిగకుండా ఐదు నిమిషాలు అక్కడే ఉంటే అప్పుడు అది ఐసీపీ.

చదివాక డ్రెయిన్ మళ్లీ తెరవాలా, మూసే ఉంచాలా అన్నది ఆర్డర్ చూసి చేయండి. తెరవాల్సింది మర్చిపోయి మూసి వదిలేసిన త్రీవే రెండు గంటల తర్వాత మనల్ని పరుగెత్తిస్తుంది.

ఐదో అడుగు: అలని చూడటం

అంకె కంటే ముందే కబురు చెప్పేది అల. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మానిటర్ మీద మూడు చిన్న శిఖరాలు కనిపిస్తాయి. మొదటిది పీ1, ధమని తాకిడి. రెండోది పీ2, ఆ తాకిడికి మెదడు ఇచ్చే జవాబు. మూడోది పీ3. ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఇవి మెట్లు దిగుతున్నట్టు ఉంటాయి, పీ1 ఎత్తుగా, మిగతావి దానికంటే పొట్టిగా. పీ2 లేచి పీ1ని దాటిందంటే సర్దుబాటు అయిపోవస్తోందని అర్థం, బస్సు నిండింది. అంకె ఇంకా 17 దగ్గరే ఉన్నా సరే, డ్యూటీ డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతే.

స్వీడన్‌లోని లుండ్‌లో నిల్స్ లుండ్‌బర్గ్ గంటల తరబడి ఈ ఒత్తిడిని కాగితం మీద గీయించి, 1960లో ఆ గీతలకి పేర్లు పెట్టాడు. ఆయన ఏ అలలు అన్నవి ఉన్నట్టుండి 50కి పైగా లేచి, 5 నుంచి 20 నిమిషాలు పీఠభూమిలా నిలబడి, మళ్లీ కూలిపోతాయి. గంటకోసారి చార్టులో రాసే అంకెల మధ్య ఇవి దాక్కుంటాయి. అందుకే గంట రీడింగ్‌తో సరిపెట్టుకోకుండా మానిటర్‌లో ట్రెండ్ తెరిచి చూడమంటాను.

అల చప్పబడి గీతలా అయితే ముందు రోగిని చూడండి, తర్వాత గొట్టాన్ని తల నుంచి మానిటర్ దాకా వేలితో తడుముతూ వెళ్లండి. మెలిక పడిందా, క్లాంపు పడిందా, త్రీవే తప్పు వైపుందా, బుడగ ఉందా, రక్తపు పీచు అడ్డం పడిందా. బయటికి వచ్చిన నీరు చుక్కలుగా పడే డ్రిప్ చాంబర్‌ని ఓ క్షణం కొద్దిగా దించి చూస్తే గొట్టం తెరిచి ఉన్నప్పుడు చుక్క పడుతుంది. దారి ఉన్న గొట్టంలో నీటి అంచు ఊరికే ఉండదు, నాడితో పాటు సన్నగా అదురుతుంది, ఊపిరితో పాటు మెల్లగా లేస్తూ దిగుతూ ఉంటుంది. కళ్లారా చూస్తే మర్చిపోలేరు. ఆ కదలిక లేకపోతే సర్జన్‌ని పిలవండి. మెదడు వైపు సిరంజితో నెట్టి చూడటం మన పని కాదు.

ఆరో అడుగు: సీపీపీ లెక్క

ఐసీపీ ఒక్కటే సగం కథ. మెదడుకి రక్తం ఎంత ఒత్తిడితో చేరుతోందన్నది సీపీపీ. సగటు బీపీలోంచి ఐసీపీ తీసేస్తే వస్తుంది. బీపీ 120/70 అనుకోండి. 70కి రెండింతలు 140, దానికి 120 కలిపితే 260, మూడుతో భాగిస్తే 87. ఐసీపీ 25 తీసేస్తే 62. పెద్దవాళ్లలో 60 నుంచి 70 మధ్య ఉంచాలి కాబట్టి ఇది ఫర్వాలేదు. అదే ఐసీపీ 25తో బీపీ 90/60కి పడిపోతే సగటు 70, సీపీపీ 45. ఐసీపీ కదల్లేదు, మెదడు మాత్రం రక్తం చాలక అల్లాడుతోంది. మన్నిటాల్ ఇచ్చాక మూత్రం పోయి బీపీ పడిపోయినప్పుడు జరిగేది ఇదే.

ఇక్కడా మట్టమే. తల 30 డిగ్రీలు ఎత్తి ఉన్నప్పుడు ఆర్టీరియల్ ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో, ఐసీపీది చెవి ఎత్తులో పెడితే, ఆ రెండింటి మధ్య నిలువు తేడా 15 సెం.మీ. ఉందనుకుంటే సీపీపీ 11 మి.మీ. ఎక్కువ వస్తుంది. 62 అనుకున్నది నిజానికి 51. ఎక్కడ పెట్టాలన్నది యూనిట్లో ఒకసారి తేల్చుకుని, గోడకి రాసి అంటించండి. ఒక షిఫ్టు గుండె దగ్గర, ఇంకో షిఫ్టు చెవి దగ్గర పెడితే రాత్రికీ పగటికీ పోలికే ఉండదు.

నీరు తీయడం

డ్రిప్ చాంబర్‌ని ట్రేగస్ నుంచి ఎంత ఎత్తులో పెడితే అంత ఒత్తిడి దాటాకే నీరు పడుతుంది. 15 నీటి సెం.మీ. దగ్గర పెడితే, లోపల 11 మి.మీ. దాటినప్పుడే చుక్క పడుతుంది. చాలా సెట్ల స్కేలు మీద రెండు కొలతలూ పక్కపక్కనే అచ్చువేసి ఉంటాయి, ఒక వైపు నీటి సెం.మీ., ఇంకో వైపు పాదరసం. ఆర్డర్‌లో ఉత్త "15" అని రాసి ఉంటే ఏ 15 అని అడగండి. అడిగితే చులకన అవుతామనుకోకండి. పాదరసం 15 అంటే నీటి 20 సెం.మీ., అంటే ఐదు సెం.మీ. పైచిలుకు తేడా.

శరీరం తయారుచేసే సీఎస్ఎఫ్ గంటకి సుమారు 20 మి.లీ., రోజుకి దాదాపు అర లీటరు. గంటలో 20 దాటి పడుతుంటే ఫోన్ చేయండి. ఒక్కసారిగా ఎక్కువ పోతే మెదడు కుంచించుకుని పైపొర సిరలు తెగొచ్చు. పగిలిన రక్తనాళపు బుడిపెకి ఇంకా క్లిప్పు గానీ కాయిల్ గానీ పెట్టనివాళ్లలో మళ్లీ పగలొచ్చు. మంచం లేపేటప్పుడు, తిప్పేటప్పుడు, సక్షన్ చేసేటప్పుడు డ్రెయిన్ మూసేయండి, పని అవగానే తెరవండి. గంట గంటకీ పరిమాణంతో పాటు రంగు రాయండి: తేటగా, గడ్డి రంగులో, గులాబీ రంగులో, మబ్బుగా. నిన్న తేటగా ఉన్నది ఇవాళ మబ్బుగా ఉండి జ్వరం కూడా ఉంటే వెంట్రిక్యులైటిస్ (నీటి గదుల ఇన్ఫెక్షన్) అనుమానించాలి. ఏమీ తోచక రోజూ శాంపిల్ తీయొద్దు. గొట్టం తెరిచిన ప్రతిసారీ క్రిములకి ఒక ఆహ్వానం.

అంకె నిజంగానే పెరిగితే

ఒక కనుపాప పెద్దదై వెలుగుకి కదలడం లేదా? పల్స్ పడిపోతూ, బీపీ పెరుగుతూ, ఊపిరి తాళం తప్పిందా? అప్పుడు రసమట్టం పక్కన పడేయండి. అది మెదడు జారిపోతున్న గుర్తు. సర్జన్‌ని పిలిచి, మన్నిటాల్ పెట్టి, సీటీకి కదలండి. ఒత్తిడి ఎంతో తర్వాత తెలుసుకోవచ్చు.

అవేమీ లేకపోతే అర నిమిషంలో మట్టం చూసి, తర్వాత మనిషిని పైనుంచి కిందకి చూడండి. తల 30 డిగ్రీలు ఉందా, మెడ నిటారుగా ఉందా. మెడ పక్కకి వాలితే జుగులార్ సిర నొక్కుకుపోయి తలలోని రక్తం దిగదు. ఊపిరి కోసం గొంతులోకి వేసిన ఈటీ ట్యూబు కట్టిన టేపు, సర్వైకల్ కాలర్ బిగుతుగా ఉంటే అదే జరుగుతుంది. టేపు రెండు వేళ్లు దూరేంత వదులు చేయగానే అంకె నాలుగైదు తగ్గడం ఎన్నోసార్లు చూశాను. జ్వరం, నొప్పి, నిండిన మూత్రాశయం, ఉబ్బిన పొట్ట, వెంటిలేటర్‌తో పోట్లాట, పైకి కనపడని ఫిట్స్, పడిపోయిన సోడియం. ఇవన్నీ మందుల కంటే ముందు. 5 శాతం డెక్స్‌ట్రోస్ వేలాడుతుంటే తీసేయండి, ఆ నీరు మెదడు వాపులోకే చేరుతుంది.

ఆ తర్వాత మెట్లు ఇలా ఎక్కుతారు: నిద్ర, నొప్పి మందులు పెంచడం; నీరు తీయడం; మన్నిటాల్ లేదా 3 శాతం సెలైన్. మన్నిటాల్ కిలోకి 0.25 నుంచి 1 గ్రాము. మన దగ్గర దొరికే 20 శాతం సీసా 100 మి.లీ.లో 20 గ్రాములు ఉంటుంది కాబట్టి, 60 కిలోల మనిషికి అర గ్రాము చొప్పున 30 గ్రాములు, అంటే సీసాన్నర. చలికాలంలో సీసాలో స్ఫటికాలు కట్టి ఉంటాయి, వేడినీళ్లలో పెట్టి కరిగించి, చల్లారాక ఫిల్టర్ ఉన్న సెట్టుతోనే ఎక్కించండి. రక్తంలో కరిగిన పదార్థాల సాంద్రత చెప్పే ఆస్మొలాలిటీ 320 దాటితే ఆపుతారు. బీపీ తక్కువున్న మనిషికి 3 శాతం సెలైన్ నయం. వెంటిలేటర్‌ని వేగంగా తిప్పి కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తే అంకె దిగుతుంది, కానీ రక్తనాళాలు ముడుచుకోవడం వల్లే దిగుతుంది. ఆపరేషన్ థియేటర్ దాకా చేరడానికే అది, రాత్రంతా నడపడానికి కాదు. మామూలుగా రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ (పీసీవో2) 35 నుంచి 40 మధ్య ఉంచండి.

అలవాటు కొద్దీ రాసే డెక్సా అనే స్టెరాయిడ్ గురించి ఒక మాట. కణితి చుట్టూ ఉన్న వాపుకి అది బాగా పనిచేస్తుంది. తలకి దెబ్బ తగిలినవాళ్లకి స్టెరాయిడ్ మేలు చేయదు. పదివేల మందికి పైగా రోగులతో జరిగి 2004లో వెలువడిన క్రాష్ పరిశోధనలో స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు.

ఏదీ పనిచేయనప్పుడు పుర్రె ఎముక తీసి చోటు ఇస్తారు. 2016లో వచ్చిన రెస్క్యూ ఐసీపీ పరిశోధనలో ఈ ఆపరేషన్ చావుల్ని తగ్గించింది, కానీ బతికినవాళ్లలో ఏ స్పృహా లేకుండా, మంచానికే పరిమితమై మిగిలినవాళ్లూ పెరిగారు. ఓ తండ్రి నన్ను అడిగాడు, "సార్, ఆ నంబరు తగ్గితే మావోడు లేస్తాడు కదా?" అని. "తగ్గకపోతే లేవడు, పెద్దాయనా. తగ్గినా లేస్తాడని ఇప్పుడే చెప్పలేను" అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

మానిటర్ లేని చోట

జిల్లా స్థాయిలో ఈవీడీ లేదని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మందితో జరిగి 2012లో వెలువడిన బెస్ట్ ట్రిప్ పరిశోధనలో, మెదడులో సెన్సర్ పెట్టి చేసిన వైద్యం, పదేపదే పరీక్షలూ సీటీలూ చూసి చేసిన వైద్యం కంటే మెరుగని తేలలేదు. సెన్సర్ దండగ అని దీని అర్థం కాదు. రెండు గుంపులకీ కంటికి రెప్పలా కనిపెట్టుకునే ఐసీయూ దొరికింది. గంట గంటకీ కోమా స్కోరు, కనుపాపలు, పల్స్, బీపీ శ్రద్ధగా రాసే నర్సు ఉంటే అదీ మానిటరింగే.

అల్ట్రాసౌండ్ ఉంటే కంటి నరం తొడుగు వెడల్పు చూడొచ్చు. కన్ను మూయించి, జెల్ ధారాళంగా వేసి, లీనియర్ ప్రోబ్‌ని రెప్ప మీద బరువు పెట్టకుండా ఆనించి, కనుగుడ్డు వెనక 3 మి.మీ. దగ్గర అడ్డంగా కొలవండి (ఇక్కడ మి.మీ. అంటే పొడవు, పాదరసం కాదు). రెండు కళ్లకీ రెండేసి సార్లు చూసి సగటు తీయండి. 5 నుంచి 6 మి.మీ. దాటితే ఒత్తిడి పెరిగిందని అనుమానం. ఒక్క కొలత కంటే, అదే చేయి రెండు పూటలా తీసిన కొలతల మధ్య తేడా ఎక్కువ చెప్తుంది. కంటికి గాయమై ఉంటే ఈ పరీక్ష వద్దు. కంటి లోపల నరం ఉబ్బిందేమో ఆఫ్తాల్మోస్కోప్‌తో చూడటం మంచిదే, అయితే ఆ ఉబ్బు రావడానికి గంటల నుంచి రోజులు పడుతుంది. అది లేదని ఒత్తిడి లేదనుకోకూడదు.

మెదడువాపు జ్వరాల్లో, చూపు మసకబారే తలనొప్పుల్లో వెన్ను నుంచి కొలుస్తారు. ముందు సీటీలో గడ్డ, కణితి లేవని తేలాలి. ఉండగా కింద రంధ్రం చేస్తే మెదడు కిందకి జారుతుంది. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, సూది లోపలికి వెళ్లాక ముడిచిన కాళ్లు వదులు చేయించి, మానోమీటర్ (నీటి ఎత్తు చూపే గొట్టం) తగిలించి, నీటి అంచు ఊపిరితో కదులుతూ నిలకడ అయ్యేదాకా ఆగండి. కూర్చోబెట్టి తీసిన కొలత లెక్కలోకి రాదు. 25 నీటి సెం.మీ. లేదా పైన ఉంటే ఎక్కువే. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల వచ్చే మెదడు పొరల వాపులో అయితే నీరు తీసి 20 లోపుకి గానీ సగానికి గానీ తేవడమే చికిత్స. శాంపిల్ సీసాలు నింపాక ఒత్తిడి కొలిస్తే తెలిసేది సీసాలు నింపాక మిగిలిన ఒత్తిడే.

గొట్టం తీసే రోజు

అంకె మామూలుకి వచ్చి, నీరు తేటగా ఉంటే చాలామంది డ్రెయిన్‌ని ఒక రోజు మూసి ఉంచి, మానిటర్ మాత్రం నడిపిస్తారు. ఆ రోజు తలనొప్పి, వాంతులు, మగత, అంకె పైకి పాకడం ఏదైనా కనిపిస్తే తెరిచి కబురు పంపండి. ఏమీ లేకపోతే సీటీ చూసి గొట్టం తీసి కుట్టు వేస్తారు. తీశాక వచ్చే షిఫ్టుకి హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు కోమా స్కోరుతో పాటు ఇంకొకటి చేయించండి: తల కొద్దిగా ఎత్తి దిండు గలీబు తడిమి చూడటం. డ్రెస్సింగ్ పైకి పొడిగా కనిపిస్తుంది, నీరు మెడ వెనక నుంచి దిండులోకి దిగుతూ ఉంటుంది.